రెప్పలు, కుందేళ్ళు, సర్పగంధ

పటాన్‌చెరు వైపు పెరిగినవాళ్ళకి ఏ రోగమొచ్చినా ఒకటే కారణం: కంపెనీలు. దగ్గొస్తే పొగ, దద్దుర్లొస్తే బోరు నీళ్ళు. అందులో కొంత నిజం లేకపోలేదు. మంజీరలో కలిసే నక్కవాగు ఏ రంగులో పారేదో చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 1990లోనే ఈ గొడవ సుప్రీంకోర్టుకి ఎక్కింది. 2007లో స్వీడన్ పరిశోధకులు ఇక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చారు. అందుకే నాకు తొమ్మిదేళ్ళప్పుడు రెప్పలు టపటపా కొట్టుకోవడం మొదలైతే, మా అమ్మ ఆ వాగు వాసన వల్లే అని తీర్మానించేసింది. ఇప్పటికీ అదే మాట.

రెప్పల తర్వాత మెడ విదిలించడం, ఆ తర్వాత గొంతు సవరించడం. "కండ్లట్ల గొట్టకు బిడ్డా, ఎవలన్న జూస్తె ఏమనుకుంటరు" అని అమ్మ బతిమాలేది. నాయనమ్మ మిరపకాయలతో దిష్టి తీసింది. బళ్ళో ఒక సారు మాత్రం వెక్కిరిస్తున్నానని స్కేలుతో కొట్టాడు. (కుడికన్ను అదిరితే మంచిదంటారే, అది వేరు. ఆ అదురు చిన్న కండరంలోది, అలసటకీ నిద్రలేమికీ వస్తుంది.) నాది టిక్. ఆ పేరు నాకు తెలిసింది ఇంజనీరింగ్‌లో చేరాక, అదీ ఇంటర్నెట్‌లో.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, వీడు గూడ నీ లెక్కనే మొదలువెట్టిండు" అని. మేనల్లుడికి ఏడేళ్ళు. వాళ్ళుండేది కరీంనగర్‌లో. అక్కడ నక్కవాగు లేదు కదా!

ఈ జబ్బు చరిత్ర తిరగేస్తే, వాగు కంటే ఎక్కువగా మనిషినే నిందించిన చరిత్ర కనబడుతుంది. 1825లో ఇటార్ అనే ఫ్రెంచి డాక్టరు ఒక గొప్పింటావిడ గురించి రాశాడు. ఆవిడ ఒళ్ళు తన ప్రమేయం లేకుండా కదిలేది, నోట్లోంచి బూతులు దొర్లేవి. 1885లో పారిస్‌లో జిల్ ద లా టూరెట్ తొమ్మిదిమంది రోగుల గురించి రాస్తూ ఆవిణ్ణీ చేర్చాడు. ఆయన గురువు షార్కో ఆ జబ్బుకి శిష్యుడి పేరే పెట్టాడు. వంశపారంపర్యం అని టూరెట్ అప్పుడే అనుమానించాడు. కానీ తర్వాతి వాళ్ళు దాన్ని పక్కన పడేశారు. 1902లో మేజ్, ఫాందెల్ అనే ఇద్దరు సంకల్పబలం లేకపోవడమే కారణమన్నారు. 1921లో ఫెరెంజీ అణచుకున్న కోరికలన్నాడు. మా సారు స్కేలు కూడా ఈ వరుసలోదేనని నా అభిప్రాయం. పాపం ఆయనకి ఫెరెంజీ ఎవరో తెలీదంతే.

దీన్ని మళ్ళీ మెదడు దగ్గరికి తెచ్చినవాటిలో మన నేల మీది మొక్క ఒకటుంది. అదే సర్పగంధ. పిచ్చికీ నిద్రలేమికీ ఇక్కడ ఎప్పట్నుంచో వాడుతున్న వేరు. 1931లో కలకత్తాలో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీని గురించి వైద్య పత్రికలో రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీవాళ్ళు ఆ వేరులోంచి రిసర్పిన్ విడదీశారు. 1957లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అదే రిసర్పిన్‌ని కుందేళ్ళకిచ్చాడు. అవి బొమ్మల్లా కదలకుండా పడిపోయాయి. ఎల్-డోపా ఎక్కించగానే కాసేపట్లో లేచి తిరిగాయి. అంటే కదలికకి డోపమైన్ కావాలి. అది ఎక్కువగా ఉన్నది మెదడు లోపలి బేసల్ గాంగ్లియాలో అని కూడా వెంటనే తేలింది. దీనికి ఆయనకి 2000లో నోబెల్ వచ్చింది. వేరు మనది, నోబెల్ వాళ్ళది అని నేను ఏడవను. కుందేలుకిచ్చి చూడాలన్న ఆలోచన కూడా వాళ్ళదే మరి.

డోపమైన్ తగ్గితే కదలిక ఆగుతుందని తెలిశాక, అక్కర్లేని కదలికకి దాన్ని అడ్డుకుంటే? 1958లో బెల్జియంలో జాన్సెన్ బృందం తయారుచేసిన హాలోపెరిడాల్ సరిగ్గా ఆ పని చేస్తుంది. 1961లో ఫ్రాన్స్‌లో సెన్యో దాన్ని టూరెట్ రోగికిస్తే టిక్‌లు తగ్గాయి. 1968లో అమెరికాలో షపీరో దంపతులు తమ రోగి మీద దాని ఫలితం చూపించి, ఇది మనోవిశ్లేషణ కుర్చీలో తేలే వ్యవహారం కాదని వాదించారు. రిసర్పిన్‌లాగే డోపమైన్ నిల్వల్ని ఖాళీ చేసే టెట్రాబెనజిన్ కూడా తర్వాత ఈ జబ్బుకి వాడకంలోకి వచ్చింది.

ఇంతకీ లోపల జరిగేదేంటి? మన భాషలో చెప్తా. మెదడు పైపొర ఎప్పుడూ వంద కదలికలకి రిక్వెస్టులు పంపుతూ ఉంటుంది. బేసల్ గాంగ్లియా డిఫాల్ట్‌గా అన్నిటికీ బ్రేకు వేసి ఉంచుతుంది. కావాల్సిన ఒక్కదానికి మాత్రం బ్రేకు వదుల్తుంది. ఆ ఎంపిక జరిగేచోటు స్ట్రయేటమ్, అక్కడ "ఇది సరే" అనడాన్ని బలపరిచేది డోపమైన్. టిక్ ఉన్నవాళ్ళలో స్ట్రయేటమ్‌లో ఒక చిన్న గుంపు కణాలు వేళకాని వేళ రేగి, ఎవరూ అడగని కదలికకి బ్రేకు వదిలేస్తాయి. ఆ గుంపు రెప్పలకి సంబంధించినదైతే రెప్ప, మెడదైతే మెడ. 2009లో కోతుల్లో అక్కడ ఒక చిన్నచోట నిరోధక సంకేతాల్ని మందుతో ఆపితే అచ్చం టిక్‌లే వచ్చాయి. చనిపోయిన టూరెట్ రోగులు కొందరి మెదళ్ళు చూస్తే, ఆ గుంపుల్ని అదుపులో పెట్టే కణాలే తక్కువగా కనబడ్డాయి. మెదళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే. కాబట్టి అదే రూట్ కాజ్ అని టికెట్ క్లోజ్ చేయలేం.

ఈ బొమ్మలో లేనిది ఒకటుంది. టిక్‌కి ముందు లోపల ఒక చిరాకు పుడుతుంది, తుమ్ము రాబోతున్నట్టు. కదిలిస్తేనే పోతుంది. జోసెఫ్ బ్లిస్ అనే రోగి దశాబ్దాలపాటు తనను తాను గమనించుకుని 1980లో దీని గురించి రాశాడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "ఆపుకోవచ్చు కదా" అనేవాళ్ళకి జవాబు అందులో ఉంది. ఆపుకోవచ్చు, తుమ్ముని ఆపుకున్నంతసేపు. 2010లో 126 మంది పిల్లల మీద అమెరికాలో చేసిన ప్రయోగంలో ఈ చిరాకుని ముందే పసిగట్టి, దానికి పోటీగా మరో కదలిక చేసే శిక్షణ మందు లేకుండానే చాలామందికి పనిచేసింది.

అమ్మ వాదనకి వస్తే, రసాయనాలు బేసల్ గాంగ్లియాని దెబ్బతీయగలవు. మాంగనీసు దుమ్ము పీల్చిన స్కాట్లాండ్ కూలీల గురించి 1837లోనే రాశారు. కానీ వాళ్ళకొచ్చింది బిగుసుకుపోయే జబ్బు, రెప్పలు కొట్టుకోవడం కాదు. టిక్‌లో పెద్ద వాటా వంశానిది. ఒక్క జన్యువు కాదు, చిన్న చిన్నవి ఎన్నో కలిసి. అమ్మకి ఇది చెప్తే "అంటె నా దిక్కెల్లి అచ్చిందా?" అని చిన్నబుచ్చుకుంది. వాగు మీద కోపం సులువు, రక్తం మీద కష్టం.

అక్కకి చెప్పాను: చాలామందికి పదీ పన్నెండేళ్ళప్పుడు ముదిరి, పెద్దయ్యాక తగ్గుతుందని, న్యూరాలజిస్టుకి ఒకసారి చూపించమని, టీచరుకి ముందే ఒక కాగితం రాసివ్వమని. ఫోన్ మేనల్లుడు లాక్కున్నాడు.

"మామా, నీకు ఆగిందా?"

"చానావరకు ఆగింది రా. అప్పుడప్పుడు అస్తది."

"అచ్చినప్పుడు ఏం జేస్తవ్?"

"మీటింగ్‌ల ఉంటె కెమెరా ఆఫ్ జేస్తా."

వాడు నవ్వాడు. వాడికి క్లాసులో కెమెరా లేదు. ఆ కాగితం నేనే టైప్ చేసి పంపాను.