మూడో నంబరు ఐరనూ, మన నామోషీ

ఆన్‌సైట్‌కెళ్ళి గోల్ఫ్ మొదలెట్టిన మనవాళ్ళకి ఓ పిచ్చి ఉంది: పొడుగు ఐరన్ కొట్టగలిగినవాడే మొనగాడని. నాకూ ఉండేది లెండి.

దానికి కారణం లేకపోలేదు. 1972 యూ.ఎస్. ఓపెన్ చివరి రోజు, పెబుల్ బీచ్ 17వ హోల్లో జాక్ నిక్లాస్ ఎదురుగాలిలో 1-ఐరన్‌తో కొట్టిన బంతి జెండా కర్రకి తగిలి పక్కనే ఆగింది. టైటిల్ అతనిదే. అది నిక్లాస్ కాబట్టి చెల్లింది. మనకైతే కాస్త అటూ ఇటూ తగిలితే బంతి లేవదు, చేతులు మాత్రం జివ్వుమంటాయి.

ఫెయిర్‌వే వుడ్ బంతిని తేలిగ్గానే లేపుతుంది గానీ, తల పెద్దది, కాడ పొడుగు. దట్టమైన గడ్డిలో కష్టం. ఈ రెంటికీ మధ్య పుట్టిందే హైబ్రిడ్. పొడుగులో ఐరన్‌కి దగ్గర, బరువేమో కిందకీ వెనక్కీ.

2004 బ్రిటిష్ ఓపెన్‌లో టాడ్ హామిల్టన్ గ్రీన్ పక్కనుంచి కూడా హైబ్రిడ్‌తోనే బంతిని దొర్లించి, ప్లేఆఫ్‌లో ఎర్నీ ఎల్స్‌ని ఓడించాడు. 2009 పీజీఏ చాంపియన్‌షిప్ చివరి హోల్లో కొరియా ఆటగాడు వై.ఈ. యాంగ్ సుమారు 200 గజాల నుంచి హైబ్రిడ్‌తో జెండా దగ్గరికి కొట్టి టైగర్ వుడ్స్‌ని ఓడించాడు. ఆసియాలో పుట్టిన మగవాళ్ళలో మేజర్ గెలిచిన మొదటివాడు అతనే.

వాళ్ళకి లేని నామోషీ మనకెందుకండీ? ఏ క్లబ్బుతో కొట్టావని స్కోరు కార్డు అడగదు.