బాస్ట్రాప్ అడవిలో కుర్రాళ్ల దళాలు

ఆస్టిన్ నుంచి హ్యూస్టన్ వైపు 71వ నంబరు హైవే మీద వెళ్తుంటే అరగంట దాటాక బాస్ట్రాప్ అనే చిన్న ఊరు తగులుతుంది. పేర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి బయల్దేరిన మా ఆస్టిన్ తెలుగు కుటుంబాలు ఇక్కడ కాఫీకి ఆగుతాయి. ఊరిని ఆనుకుని ఉన్న స్టేట్ పార్కులోకి మాత్రం చాలామంది తొంగిచూడకుండానే వెళ్లిపోతారు. ఈ దేశం తన కుర్రకారును అడవినీ మట్టినీ కాపాడే పనికి ఎలా పంపిందో, ఆ పనిని మధ్యలో ఎన్నిసార్లు ఆపేసిందో తెలుసుకోవాలంటే వాషింగ్టన్ కంటే ముందు ఆ పార్కు చూడాలంటాను నేను.

గేటు దాటి పైన్ చెట్ల మధ్య కొంతదూరం పోతే ఇసుకరాతితో కట్టిన భోజనశాల ఒకటి కనిపిస్తుంది. గోడలో ఏ రెండు రాళ్లూ ఒక కొలతలో ఉండవు. దూలాలూ తలుపులూ చేత్తో చెక్కినవి. దాన్ని కట్టింది ఆరితేరిన మేస్త్రీలు కాదు, 18 నుంచి 25 ఏళ్ల లోపు, పెళ్లికాని, ఎక్కడా పని దొరకని కుర్రాళ్లు. రెండు దళాలుగా 1933 నుంచి 1939 దాకా ఇక్కడే శిబిరాల్లో ఉండి రాయి కొట్టారు, రోడ్లు వేశారు. ఆర్థర్ ఫేర్ అనే ఆర్కిటెక్ట్ దగ్గరుండి పని చేయించాడు. ఇక్కడి వడ్రంగి షెడ్డులో తయారైన బల్లలూ కుర్చీలూ టెక్సస్‌లోని మిగతా పార్కులకు కూడా వెళ్లాయి.

ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1933 మార్చి 4న అధ్యక్షుడయ్యేనాటికి ఈ దేశంలో పనిచేయగలిగిన ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. అదే సమయంలో మధ్య రాష్ట్రాల మైదానాల్లో నేల గాలికి లేచిపోతోంది. తరతరాలుగా గడ్డి వేళ్లు పట్టి ఉంచిన నేలను గోధుమల కోసం ట్రాక్టర్లతో దున్నేశారు. వరసగా వానలు ముఖం చాటేశాయి. 1935 ఏప్రిల్ 14న వచ్చిన దుమ్ము తుపానుకు పట్టపగలే చీకటి కమ్మింది. ఆ రోజును ఇక్కడివాళ్లు ఇప్పటికీ నల్ల ఆదివారం అంటారు. క్లైమేట్ చేంజ్ అనే మాట అప్పటికి జనం నోట లేదు. మనిషి చేసిన పనికి గాలీ నేలా ఇలా ఎదురు తిరుగుతాయని మాత్రం ఈ దేశానికి అప్పుడే బాగా తెలిసొచ్చింది.

పని లేని చేతులనూ పాడైన నేలనూ ఒకచోటికి తేవడం రూజ్‌వెల్ట్ చేసిన పని. మార్చి 31న చట్టం మీద సంతకం పెడితే, ఏప్రిల్ 17 కల్లా వర్జీనియా అడవిలో మొదటి శిబిరం లేచింది. అదే సివిలియన్ కన్జర్వేషన్ కోర్, అందరి నోటా సీసీసీ. కుర్రాళ్లను ఎంపిక చేసేది కార్మిక శాఖ, శిబిరాలు నడిపేది సైన్యం, అడవిలో పని చెప్పేది వ్యవసాయ శాఖ, అంతర్గత వ్యవహారాల శాఖ. నెలకు 30 డాలర్ల జీతం, అందులో సుమారు 25 డాలర్లు నేరుగా ఇంటికి. మిగిలిన ఐదూ కుర్రాడి చేతి ఖర్చుకు. తిండీ బట్టా శిబిరంలోనే. సాయంత్రం చదువు చెప్పేవాళ్లు, వేలమంది అక్కడే చదవడం రాయడం నేర్చుకున్నారు. తొమ్మిదేళ్లలో సుమారు 30 లక్షల మంది ఆ శిబిరాల్లో పనిచేసి, దేశమంతటా దాదాపు 300 కోట్ల మొక్కలు నాటారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైన సంగతి గుర్తున్నవాళ్లకు ఇది కొత్త ఆలోచన అనిపించదు. కూలి ఇచ్చి నేలకూ నీటికీ మేలు చేసే పని చేయించడం రెండిట్లోనూ ఉంది. సీసీసీలో అదనంగా ఉన్నది ఊరు వదిలి, ముక్కూమొహం తెలియని సాటి కుర్రాళ్లతో నెలల తరబడి ఒకే కప్పు కింద బతకడం.

ఆ కప్పు కింద అందరికీ చోటు లేదని కూడా చెప్పాలి. వర్ణవివక్ష కూడదని చట్టంలోనే రాసుకున్నా, 1935 నుంచి నల్లజాతి కుర్రాళ్లను వేరే శిబిరాల్లో పెట్టారు. వాళ్ల సంఖ్య మొత్తంలో పదో వంతు దాటకుండా చూశారు. అయినా రెండు లక్షల మందికి పైగా నల్లజాతి యువకులు పనిచేశారు. ఆడపిల్లలకు సీసీసీలో ప్రవేశమే లేదు. ఈ దేశపు పార్కుల్లో రాతి మెట్ల మీద నడిచేటప్పుడు ఈ సంగతి కూడా తెలిసి నడవాలని నా కోరిక.

యుద్ధం వచ్చింది. కుర్రాళ్లు సైన్యంలోకి పోయారు. 1942లో కాంగ్రెస్ డబ్బు ఆపేసింది. ఆ తర్వాత ఈ ఆలోచన ఆరుతూ వెలుగుతూ వచ్చింది. 1957లో విద్యార్థులను జాతీయ పార్కుల్లో పనికి పంపే స్వచ్ఛంద సంస్థ ఒకటి పుట్టింది. 1976లో కాలిఫోర్నియా తన సొంత దళం పెట్టుకుంది. కార్టర్ హయాంలో 1977లో మొదలైన యువజన దళం రీగన్ వచ్చాక 1982లో మూతపడింది. 1993లో క్లింటన్ అమెరికోర్ తెచ్చాడు. ఏడాది పాటు కొద్దిపాటి భత్యంతో సమాజానికి పనిచేస్తే చదువు ఖర్చుకు కొంత సొమ్ము ఇచ్చే పథకం అది. ఆస్టిన్‌లోని అమెరికన్ యూత్‌వర్క్స్ లాంటి స్థానిక సంస్థలు ఆ నిధుల ఆసరాతోనే తమ కన్జర్వేషన్ దళాలను నిలబెట్టుకున్నాయి.

2011లో ఆ దళాల అవసరం ఎంతటిదో బాస్ట్రాప్ చూపించింది. ఆ ఏడాది టెక్సస్‌లో కనీవినీ ఎరగని కరువు. సెప్టెంబరు 4న, ‘లీ’ తుపాను గాలులకు ఎండిన చెట్లు కరెంటు తీగల మీద విరిగిపడ్డాయి. అంటుకున్న మంట 30 వేల ఎకరాలకు పైగా కాల్చేసింది. 1,600కు పైగా ఇళ్లు బూడిదయ్యాయి, ఇద్దరు చనిపోయారు. పార్కులో 96 శాతం కాలిపోయింది. అగ్నిమాపక దళాలు చుట్టూ కాపు కాసి సీసీసీ కట్టిన భోజనశాలనూ కాటేజీలనూ కాపాడాయి. అడవి మాత్రం నల్లటి మోళ్లుగా మిగిలింది. తూర్పు టెక్సస్ పైన్ అడవులకు వంద మైళ్ల పడమటగా ఒంటరిగా బతుకుతున్న అడవి అది. చుట్టుపక్కల విత్తనం రాల్చే చెట్టు లేకపోతే తనంతట తాను మళ్లీ మొలవదు.

ముందు యూత్‌వర్క్స్ కుర్రాళ్లు రంపాలతో దిగారు. బాటల పక్కన మీద పడేలా ఉన్న మోళ్లను కోశారు. మట్టి కొట్టుకుపోకుండా ఆ దుంగలనే వాలుకు అడ్డంగా పరిచారు. తర్వాతి శీతాకాలాల్లో ట్రీఫోక్స్ అనే ఆస్టిన్ సంస్థ, రాష్ట్ర అటవీ విభాగం, పార్కుల శాఖ కలిసి కాలిన నేలల్లో 20 లక్షలకు పైగా పైన్ మొక్కలు నాటించాయి. శనివారాలు స్కూలు పిల్లలు, కాలేజీ విద్యార్థులు, ఇల్లు పోగొట్టుకున్న వాళ్లు కూడా వచ్చేవారు. మా అమ్మాయిని తీసుకుని నేనూ వెళ్లాను.

చేతికి గునపం లాంటి ఇనుప కడ్డీ ఇస్తారు. కొసన వెడల్పాటి అలుగు, దాని పైన కాలితో తొక్కడానికి చిన్న మెట్టు. తొక్కి, ముందుకూ వెనక్కూ ఊపితే నేలలో చీలిక పడుతుంది. జానెడు మొక్క వేరు అందులో నిటారుగా దిగాలి. అడుగున మడతపడితే కొన్నేళ్లు పెరిగినట్టే పెరిగి చచ్చిపోతుంది. పక్కనే ఇంకో పోటు పొడిచి మట్టిని వేరు మీదికి నెట్టి, మడమతో అదమాలి. మా జట్టు నాయకురాలికి 22 ఏళ్లుంటాయేమో. నాటిన ప్రతి మొక్క దగ్గరికీ వచ్చి, కొన ఆకులను రెండు వేళ్లతో పట్టి లాగి చూసేది. మొక్క కదిలితే ఏమీ అనకుండా కడ్డీ తిరిగి చేతికిచ్చేది. మన ఊళ్లలో మొక్కలు నాటే పండుగలు చాలా చూశాను. ఇలా ప్రతి మొక్కనూ లాగి చూడటానికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం నేను ఇక్కడే చూశాను. ఉత్సాహంతో వచ్చిన వంద మంది పని నిలవాలంటే, ఏడాదంతా ఆ పనిలోనే ఉన్న అలాంటి ఒక్కరు కావాలి.

పాత దళాలు చేసిన పనిలో కొంత సరిదిద్దుకోవాల్సి రావడం కూడా ఈ చరిత్రలో భాగమే. మట్టి కోతను ఆపుతుందని సీసీసీ కుర్రాళ్లు దక్షిణ రాష్ట్రాల్లో కుడ్జు అనే తీగను నాటారు. అది అడవులకు అడవులనే కప్పేసింది. ఇప్పటి వాలంటీర్లు దాన్ని పీకుతున్నారు. అడవిలో ఏ నిప్పు కనబడినా ఆర్పేయడం అప్పటి విధానం. చిన్న మంటలు తగలక పొదలూ ఎండుటాకులూ దశాబ్దాల తరబడి పేరుకుపోయాయి, మంట అంటుకున్నప్పుడు అదే ఆజ్యమైంది. అందుకే ఇప్పటి దళాల్లో కుర్రాళ్లు గాలీ తేమా చూసుకుని కావాలనే చిన్న మంట పెట్టి, దాన్ని అదుపులో ఉంచడం నేర్చుకుంటున్నారు. అదీ తేలిక పని కాదు. 2022 జనవరిలో ఇదే పార్కులో పెట్టిన అలాంటి మంట అదుపు తప్పి సుమారు 800 ఎకరాలకు పాకింది. అంతకుముందు 2015 మేలో కుండపోత వానకు పార్కులోని పాత చెరువు కట్ట తెగింది. ముదిరిన వాతావరణం ముందు పాత లెక్కలు పనిచేయడం లేదు. ఏ లెక్క ఎందుకు తప్పిందో తెలిసిన మనుషులు అదే చోట పదేళ్లు, ఇరవయ్యేళ్లు నిలవాలి. నిధులు మాత్రం ఎన్నికల లెక్కన వస్తూ పోతూ ఉంటాయి.

అందుకే ఈమధ్య జరిగింది నన్ను బాధపెడుతోంది. సన్‌రైజ్ మూవ్‌మెంట్ లాంటి యువజన ఉద్యమాలు పట్టుబట్టగా, బైడెన్ ప్రభుత్వం 2023 సెప్టెంబరులో అమెరికన్ క్లైమేట్ కోర్ ప్రకటించింది. సీసీసీకి వారసత్వం అన్నారు. మొదటి ఏడాది 20 వేల మందికి చోటిస్తామన్నారు. 2024 జూన్‌లో మొదటి దళం ప్రమాణం చేసింది. 2025 జనవరి 20న, కొత్త అధ్యక్షుడు వచ్చిన రోజునే, ఒక్క ఉత్తర్వుతో అది రద్దయింది. ఆ ఏప్రిల్‌లో అమెరికోర్ నిధులకు కూడా పెద్ద కోత పడింది. ఏడాది పని ఒప్పుకుని ఊరు మారిన పిల్లలు సగంలో సామాను సర్దుకోవాల్సి వచ్చింది. సీసీసీకి తొమ్మిదేళ్లు దొరికాయి. మొదటి దళం ప్రమాణం చేశాక క్లైమేట్ కోర్‌కు తొమ్మిది నెలలైనా పూర్తిగా దొరకలేదు.

మన పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. అమెరికోర్‌లో చేరాలంటే పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉండాలి. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లలు చేరవచ్చు. రెండేళ్ల వయసులో తల్లిదండ్రుల హెచ్-1బీ వీసాతో వచ్చి, ఇక్కడే ప్లస్ టూ దాకా చదివి, గ్రీన్ కార్డు వరసలో ఎదురుచూస్తున్న వాళ్ల అక్కకు చోటు లేదు. ఒకే ఇంట్లో ఒకరికి ఉండి ఒకరికి లేని పరిస్థితి మా వీధిలోనే ఉంది. సీసీసీ శిబిరాల గురించి పిల్లలకు చెప్పినప్పుడు నన్ను వాళ్లు మొదట అడిగేది దీని గురించే. శనివారం మొక్కలు నాటడానికి మాత్రం వీసా ఎవరూ అడగరు. చలికాలంలో ట్రీఫోక్స్ ఆస్టిన్ చుట్టుపక్కల వాగు గట్ల మీద నాటిస్తుంది. వరద వేగం తగ్గడానికి, వేసవిలో నీటికి నీడ దొరకడానికి ఆ చెట్లు. కిందటిసారి మా వీధి నుంచి ఆ అక్కాతమ్ముళ్లిద్దరూ వచ్చారు. అక్క నాటిన మొక్కల్లో ఒక్కటీ చేతికి ఊడిరాలేదు.