ఒకే రాతిలో మోహిని: ట్రాన్స్‌జెండర్ అస్తిత్వానికి కారణాల వెతుకులాట

కోనసీమలో, ఆత్రేయపురం మండలం ర్యాలిలో, ముందు నుంచి చూస్తే కేశవుడు, వెనక నుంచి చూస్తే మోహినిగా ఒకే రాతిలో మలిచిన మూర్తి ఉంది. పురుషుడే స్త్రీగా కనిపించడం ఇక్కడి ఊహకు కొత్తదేమీ కాదు. కానీ ఊహకు అందినదంతా మనుషుల్లో ఎందుకు, ఎలా కలుగుతుందన్నది వేరే ప్రశ్న. ట్రాన్స్‌జెండర్ అస్తిత్వం జన్యువుల వల్లనా, సమాజం వల్లనా అని వాదించేవారు రెండు ప్రశ్నలను ఒకే తక్కెడలో పెడుతున్నారని నా అభిప్రాయం. తాను ఆడ అనో, మగ అనో, రెండూ కాననో కలిగే లోపలి ఎరుక ఎక్కడిదన్నది మొదటి ప్రశ్న. ఆ ఎరుకకు ఏ పేరు, ఏ బతుకుదారి దొరుకుతుందన్నది రెండోది. మొదటిదానికి సమాజం ఒక్కటే జవాబు కాలేదు. రెండోదానికి జన్యువు అసలు జవాబే కాదు.

సమాజమే కారణమన్న మాటను తెలుగు నేల మీద పరీక్షించాలంటే కూచిపూడి వైపు చూడాలి. అక్కడ స్త్రీవేషం మగపిల్లలకు చిన్ననాటి నుంచి నేర్పిన విద్య. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ పాత్రతో పేరు పొందారు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. నాటకరంగంలో స్త్రీపాత్రలకే ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావుకు 1956లోనే ఆ గౌరవం దక్కింది. నడక, చూపు, గొంతులోని మెలిక అన్నీ సాధన వల్ల వచ్చినవే. ఆ సాధన వేషాన్ని ఇచ్చింది గాని వేషధారి తన్ను తాను ఎరిగే తీరును మార్చలేదు. స్త్రీవేషం కూచిపూడి బ్రాహ్మణ పురుషుల అధికారాన్ని బలపరిచిందని హర్షిత కామత్ 2019 నాటి పుస్తకంలో వాదించారు. స్త్రీత్వాన్ని నేర్చుకోవడం, స్త్రీనని ఎరగడం ఒకటి కావని చూపడానికి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు కనపడలేదు.

రంగస్థలం వేరు, పెంపకం వేరని ఆక్షేపించవచ్చు. న్యాయమైన ఆక్షేపణే. అందుకే కెనడాలో 1965లో పుట్టిన డేవిడ్ రైమర్ ఉదంతం చూడాలి. పసితనంలో శస్త్రచికిత్స వికటించి పురుషాంగం దెబ్బతింటే, జాన్ మనీ అనే మనస్తత్వవేత్త సలహాపై తల్లిదండ్రులు ఆ బిడ్డను ఆడపిల్లగా పెంచారు. పేరు, బట్టలు, హార్మోన్లు అన్నీ అటే నెట్టాయి. ఆ పిల్లవాడు ఇమడలేదు. జరిగింది తెలిశాక కౌమారంలోనే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. 1997లో మిల్టన్ డైమండ్, సిగ్మండ్‌సన్ ఈ సంగతి వెలుగులోకి తెచ్చారు. ఒక్క మనిషి కథ సిద్ధాంతానికి చాలదు. అయితే పెంపకంతో ఏ అస్తిత్వాన్నైనా తయారు చేయవచ్చన్న ధీమా కూలడానికి అది చాలు.

అంతమాత్రాన జన్యువు గెలిచినట్టా? కాదు. హెలెన్స్ బృందం 2012లో కవలల నివేదికలను సమీక్షించింది. పుట్టినప్పుడు రాసిన లింగంతో పొసగని స్థితి 23 జతల ఏకరూప కవలల్లో 9 జతలలో ఇద్దరికీ ఉంది. ఒకే లింగానికి చెందిన 21 జతల భిన్నరూప కవలల్లో ఒక్క జతలోనూ ఇద్దరికీ లేదు. ఇది వారసత్వం వైపు మొగ్గే లెక్కే. కానీ మిగిలిన 14 జతల్లో జన్యువులు దాదాపు ఒకటే అయినా దారులు వేరయ్యాయి. పైగా ఏకరూప కవలలు పెరిగే తీరు కూడా ఎక్కువగా కలుస్తుంది. 2022లో స్వీడన్ రిజిస్టర్ల ఆధారంగా వచ్చిన అధ్యయనంలో ఒకే లింగపు కవల జతల్లో ఒక్కచోటా ఇద్దరికీ ఆ స్థితి కనపడలేదు. ఆడ, మగ కలిసి పుట్టిన జతల్లో మాత్రం కనపడింది. ఆ ఫలితం మనల్ని జన్యువుల కన్నా గర్భంలోని పరిస్థితుల వైపు చూడమంటుంది. పుట్టుకతో వచ్చినదంతా జన్యువు వల్ల వచ్చినది కాదన్న చిన్న తేడాను మన చర్చల్లో తరచూ మరిచిపోతున్నాం.

రెండో ప్రశ్నకు హైదరాబాదు మంచి సాక్షి. అక్కడి హిజ్రాల గురించి గాయత్రీ రెడ్డి 2005లో ప్రచురించిన గ్రంథంలో గురువు-చేలా (శిష్య) బంధం, ఇజ్జత్ (గౌరవం), మతాచారం, నిర్వాణం అని పిలిచే అంగవిచ్ఛేదం అన్నీ కలిసి హిజ్రా అస్తిత్వాన్ని నిలబెట్టడం కనిపిస్తుంది. ఏ జన్యువూ చేలాను గురువు ఇంటికి చేర్చదు. అలాంటి ఎరుకే ఉన్న మరొకరు తెలంగాణ పల్లెలో ఎల్లమ్మ కొలువులో శివసత్తి కావచ్చు, నేడు ధ్రువపత్రంలో ట్రాన్స్‌జెండర్ కావచ్చు.

ఈ మధ్యనే ఇంతమంది ఎందుకు కనిపిస్తున్నారు, ఇది చూసి నేర్చుకున్నది కాదా అని అడిగేవారున్నారు. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'ఇతరులు' గడిలో 43,769 మందిని లెక్కించింది. అంతకుముందు జనగణనలో ఆ గడి లేదు. లేని లెక్కతో పోల్చి పెరుగుదల ఉందనడం కుదరదు. గడి సమాజం గీసింది, అందులోకి వచ్చిన మనుషులు అంతకుముందే ఉన్నారు.

పుట్టుకతోనే ఇలా ఉన్నారని తేలితే లోకం దయ చూపుతుందన్న ఆశ కొందరు మిత్రులది. ఆ ఆశను గౌరవిస్తాను గాని నమ్మలేను. చరిత్ర ఒప్పుకోదు. 1913లో ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్మెంటులో ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులన్న ముద్రతో ఉంచారు. కొద్దికాలానికే, 1919లో, నిజాం రాజ్యం 1329 ఫసలీ చట్టం తెచ్చింది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయించాలి, ఆడబట్టలతో బయట ఆడిపాడితే వారంటు లేకుండా అరెస్టు, ఇంట్లో పదహారేళ్లలోపు కుర్రవాడు ఉన్నా నేరమే. పిల్లలను చెడగొట్టి తమలా తయారు చేస్తారన్న అనుమానం దాని వెనక ఉంది. ఒకచోట రక్తం నేరమైంది, మరోచోట సాంగత్యం నేరమైంది. రేపు ఒక జన్యువు దొరికినా అది రక్షణ కవచం కావచ్చు, గర్భంలోనే పిండాన్ని ఏరివేసే పరీక్షా కావచ్చు.

2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నల్సా తీర్పులో శరీర పరీక్షను పక్కనబెట్టి వ్యక్తి తన్ను తాను ఎరిగే తీరుకే ప్రాధాన్యం ఇచ్చింది. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ చట్టాన్ని కొట్టివేసి, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను వర్తింపజేయమంది. పింఛనుకు కారణం అడగలేదు.