పుత్లీబౌలి మేడలు

హైదరాబాదున మూసీ ఉత్తర తీరమున, నేడు కోఠీ యని పిలువబడు చోట, జేమ్స్ అఖిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిషు రెసిడెన్సీ సౌధము నెఱుగనివారు నగరమున అరుదు. కాని దాని పడమటి ప్రహరి కెదురుగా, పుత్లీబౌలిలో, అబ్బన్ సాహెబు, జైగోపాల్‌దాసు అను ఇరువురు షావుకార్ల సొంత మేడలు ఒక్క రాత్రి కోటబురుజులైన సంగతిని స్మరించువారు కొందఱే.

అది 1857 జూలై 17, శుక్రవారము. మీరట్‌లో రగిలిన తిరుగుబాటు జ్వాల దక్కనునకు ప్రాకియుండెను. బుల్ధానా నుండి తన అనుచరులతో వచ్చిన జమేదారు చీదాఖానును నిజాము దివాను సాలార్‌జంగు బంధించి రెసిడెంటు డేవిడ్‌సన్‌కు అప్పగింపగా, పాతనగరము కుతకుతలాడెను. మక్కామసీదున ప్రార్థనలు ముగిసిన పిమ్మట తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులుగా సుమారు 500 మంది రోహిల్లాలు రెసిడెన్సీపై దాడికై నది దాటి వచ్చి ఆ మేడల నాక్రమించిరి. షావుకారు ఇంటికి ఎత్తును, గోడకు దళసరియు నుండుట వాడుక. ధనరక్షణకు పనికివచ్చు ఆ రెండును ఆ రాత్రి తుపాకులకు అండయయ్యెను. మేడలపై నుండి తూటాలు, ప్రహరి లోపలి నుండి ఫిరంగిగుండ్లు చీకటిని చీల్చుచుండగా తెల్లవాఱెను. అప్పటికి రోహిల్లాలు మేడలను విడిచి వెడలిపోయిరి.

తుర్రేబాజ్‌ఖాను పట్టుబడి, చెఱ నుండి తప్పించుకొని, 1859లో తూప్రాన్ చెంత హతుడయ్యెను. మౌల్వీ అండమానునకు ప్రవాసితుడై మరల రాలేదు. రెసిడెన్సీ నేడు స్త్రీవిద్యాలయము; కోఠీలోని ఒక వీథి తుర్రేబాజ్‌ఖాను పేర నున్నది. షావుకార్ల పేరులు మాత్రము వారి మేడలను ఒక్క రాత్రి ఏలినవారి కథలోనే మిగిలినవి.