ఫోటోను కనిపెట్టినది ఒక్కరేనా?

ఫోటోగ్రఫీ అనగానే అందరూ డాగెర్ పేరే చెప్తారు. ఆయన చరిత్ర చదువుతూ పోతే ఆయనకు ముందూ వెనకా ఇంకా చాలామంది ఉన్నారని తెలిసింది. వాళ్ళ గురించి రాయాలనిపించింది.

ఫ్రాన్స్ దేశంలో జోసెఫ్ నిసెఫోర్ నియెప్స్ అనే ఆయన ఒక లోహపు రేకు మీద తారు లాంటి పదార్థం పూసి, కెమెరా పెట్టెలో ఉంచి, దాన్ని తన ఇంటి కిటికీ వైపు పెట్టారు. వెలుతురు పడిన చోట తారు గట్టిపడింది. పడని చోట మెత్తగా ఉండిపోయింది. లావెండర్ నూనె కలిపిన ద్రవంతో కడిగితే మెత్తటి తారు పోయి, ఎదురుగా ఉన్న ఇళ్ళ గోడలు, కప్పులు రేకు మీద కనిపించాయి. ఇది 1826-27 నాటి మాట. ఆ ఒక్క ఫోటోకు కనీసం ఎనిమిది గంటలైనా పట్టి ఉంటుంది. అంతసేపట్లో సూర్యుడు ఇటు నుంచి అటు పోతాడు కదా! అందుకే అందులో రెండు వైపుల గోడల మీదా ఎండ ఉంటుంది.

1829లో నియెప్స్, డాగెర్ భాగస్వాములయ్యారు. 1833లో నియెప్స్ చనిపోయారు. మనుషుల ఫోటోలు తీసే రోజులు ఆయన చూడలేదు. ఆయన రూపం మనకు చిత్రకారుల బొమ్మల్లోనే ఉంది. తరువాత డాగెర్ వెండి పూసిన రాగి రేకుకు అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో పెట్టి, ఆపైన పాదరసం ఆవిరి తగిలించి, నిమిషాల్లోనే ఫోటో వచ్చేలా చేశారు. 1839 ఆగస్టు 19న ఆ పద్ధతిని పారిస్‌లో అందరికీ వెల్లడించారు. ఫ్రెంచి ప్రభుత్వం డాగెర్‌కు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, నియెప్స్ కొడుక్కి 4,000 ఫ్రాంకులు పెన్షన్ ఇచ్చింది. పేరు మాత్రం డాగెరోటైప్ అనే నిలిచింది.

ఆ పద్ధతిలో ఒక రేకుకు ఒకే ఫోటో. ఇంగ్లండులో టాల్బట్ కాగితం మీద నెగటివ్ తయారుచేసి, దాని నుంచి ఎన్ని కాపీలైనా తీయొచ్చని చూపించారు. 1841లో తన పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే శిల్పి గాజు పలక మీద కొలోడియన్ పూసి, అది తడిగా ఉండగానే ఫోటో తీసి కడిగే పద్ధతి కనిపెట్టారు. ఫోటోలు చాలా స్పష్టంగా వచ్చాయి, ఖర్చూ తగ్గింది. ఆయన పేటెంట్ తీసుకోకుండా పత్రికలో రాసి అందరికీ ఇచ్చేశారు. అది కూడా తన పేటెంట్ కిందికే వస్తుందని టాల్బట్ వాదించారు గానీ, 1854లో కోర్టులో ఓడిపోయారు. ఆర్చర్ 1857లో చనిపోయేనాటికి ఆయన కుటుంబం పేదరికంలో ఉంది.

టాల్బట్ చేసింది పూర్తిగా తప్పని నేను అనను. ఆయన ఎన్నో ఏళ్ళు కష్టపడ్డారు, డబ్బు అడగటం న్యాయమే. కానీ ఆర్చర్ ఉచితంగా ఇవ్వబట్టే ఫోటో మామూలు జనం దాకా త్వరగా వచ్చింది. అలాంటి మనిషి పేరు మనకు తెలియకపోవటం బాగాలేదు.

మన తమిళనాడుకు కూడా ఈ చరిత్రతో సంబంధం ఉంది. మద్రాసు ప్రభుత్వ ఫోటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లో మదురై వచ్చి, తెలుగు నాయక రాజు తిరుమల నాయకుడి మహలును కాగితం నెగటివ్‌ల మీదే ఫోటోలు తీశారు. అప్పటి మహలు ఎలా ఉండేదో ఈరోజు మనం చూడగలుగుతున్నామంటే దాని వెనక ట్రైప్ ఒక్కరే లేరు, టాల్బట్ కూడా ఉన్నారు.