మంచుకొండకు గేట్‌పాస్

విశాఖలో మంచు పడదు. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లారకముందే బయలుదేరి లంబసింగి వెళ్లేవాళ్లకు కనిపించేది పొగమంచు. ఎప్పుడైనా చలి ముదిరితే గడ్డి మీద ఒక తెల్లటి పొర పేరుకుంటుంది, దానికే మనం ఆంధ్రా కశ్మీర్ అని పేరు పెట్టుకుని మురిసిపోతాం. అయినా స్నోబోర్డు కథ ఈ ఊరికి మరీ పరాయిదేమీ కాదు. అల మీద నిలబడే ఒడుపు, ఉక్కు అంచు, మంచు, ఈ మూడూ కలిస్తే ఆ ఆట. మొదటి రెండింటితో మనకు పరిచయం ఉంది. ఇక ఆ ఆట ఎలా పెరిగిందో సాధారణంగా చెప్పే కథ ఒకటుంది: కొందరు కుర్రాళ్లు పెద్దమనుషుల స్కీయింగ్ మీద తిరగబడ్డారు, లోకం చివరికి వాళ్లకు తలవంచింది. వినడానికి బాగుంటుంది గానీ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నిలవదు. కొండ ఎవరి చేతిలో ఉందో వాళ్లకు అవసరం పడినప్పుడే ఆ ఆటకు దారి దొరికిందని నా వాదన.

కనిపెట్టడంతోనే ఆట పుట్టేస్తుందనుకుంటే స్నోబోర్డు ఎప్పుడో పుట్టి ఉండాలి. తుర్కియే ఈశాన్యాన కచ్కార్ పర్వతాల్లో ఒక పల్లెవాళ్లు చాలాకాలంగా చెక్క పలక మీద నిలబడి, ముందువైపు తాడు పట్టుకుని వాలు దిగుతున్నారు. బయటి ప్రపంచానికి ఆ సంగతి ఈ శతాబ్దంలో గానీ తెలియలేదు. మన జాలారిపేటల మత్స్యకారులు తెప్పల మీద అలలను దాటిన నేర్పు మాత్రం తక్కువదా? అది బతుకుతెరువు కనక ఎవరూ దాన్ని ఆట అనలేదు, పోటీలు పెట్టలేదు. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున మస్కీగన్ అనే ఊళ్లో షెర్మన్ పాపెన్ 1965 క్రిస్మస్ రోజున కూతుళ్ల కోసం రెండు స్కీలను పక్కపక్కన బిగించి ఒకే పలకగా చేశాడు. భార్య దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది. మరుసటేడు బ్రన్స్‌విక్ కంపెనీ దాన్ని అమ్మకానికి పెట్టింది. విశాఖ ఉక్కు కోసం తెలుగునాడు వీధుల్లోకి వచ్చిన 1966లోనే, ఉక్కు అంచు లేని ఈ చెక్కబొమ్మ అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. లక్షల్లో అమ్ముడుపోయింది, మస్కీగన్‌లో పోటీలు కూడా జరిగాయి. అయినా పెరట్లో మట్టిదిబ్బల మీద ఆడుకునే పిల్లల వస్తువుగానే ఉండిపోయింది. పెద్ద కొండ పైకి తీసుకెళ్లే లిఫ్టు దానికి అందలేదు మరి.

ఆ తర్వాత ముగ్గురు ఆ పలకను బొమ్మల దుకాణం నుంచి బయటికి లాగారు. యూటాలో డిమిట్రీయే మిలోవిచ్ వింటర్‌స్టిక్ పేరుతో లోతైన మెత్తటి మంచు కోసం పలకలు చేశాడు. కాలిఫోర్నియాలో టామ్ సిమ్స్ స్కేట్‌బోర్డు ఒడుపును మంచు మీదికి తెచ్చాడు. వెర్మాంట్‌లో జేక్ బర్టన్ కార్పెంటర్ 1977లో కంపెనీ పెట్టాడు. 1979లో అతను పాదాలు బిగించుకునే పట్టీలున్న పలకతో మిషిగన్‌లో జరిగిన స్నర్ఫర్ పోటీకి వెళితే అది స్నర్ఫరే కాదని అభ్యంతరం చెప్పారు. చివరికి అతని కోసం వేరే విభాగం పెట్టారు, అందులో అతనే గెలిచాడు. ఈ ముగ్గురిలో అసలు ఆద్యుడెవరన్న తగువు అభిమానుల మధ్య ఇంకా తెగలేదు. నాకు ఆ తగువు మీద పెద్ద ఆసక్తి లేదు. ముగ్గురికీ అడ్డుపడ్డది ఒకే గోడ: స్కీ రిసార్టులు వాళ్లను లిఫ్టు ఎక్కనివ్వలేదు. 1985 నాటికి కూడా అమెరికాలో పది రిసార్టుల్లో ఒకటైనా స్నోబోర్డును అనుమతించేది కాదు.

ఎందుకు రానివ్వలేదన్నదానికి ఎక్కువగా వినిపించే జవాబు పెద్దింటి దర్పం. అది కొంతవరకే నిజం. అసలు భయం బీమా. 1974లో వెర్మాంట్‌లోని స్ట్రాటన్ కొండ మీద, కొత్తగా నేర్చుకునేవాళ్ల బాటలోనే, మంచు కింద దాగిన పొదలో స్కీ చిక్కుకుని ఒక యువకుడు పడిపోయాడు. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. 1977లో జ్యూరీ అతనికి 15 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది, మరుసటేడు రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. దేశమంతటా రిసార్టుల బీమా ఖర్చులు ఎగబాకాయి. ఇలాంటి ఆటల్లో సహజంగా ఉండే ప్రమాదాన్ని ఆడేవాళ్లే ఒప్పుకున్నట్టు లెక్క అని వెర్మాంట్ చట్టం చేసుకోవలసి వచ్చింది. చిత్రమేమిటంటే, 1983లో పెద్ద రిసార్టుల్లో మొదటగా స్నోబోర్డుకు తలుపు తీసింది ఈ స్ట్రాటనే. ఊరికే తీయలేదు. మలుపు తిరగడం, ఆగడం వచ్చని పరీక్షలో చూపిస్తేనే లిఫ్టు ఎక్కనిచ్చేవారు. పోర్టులోకో స్టీల్‌ప్లాంట్‌లోకో వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి గేట్‌పాస్ ఎలాంటిదో ఆ పరీక్ష అలాంటిది: నిన్ను నమ్మామని చెప్పదు, నీ బాధ్యత ఫలానా మేరకు అని చెబుతుంది. దెబ్బ తిన్న రిసార్టే ముందుగా తలుపు తీయడానికి కారణం నాకు ఇక్కడే కనిపిస్తుంది. ప్రమాదాన్ని కాగితం మీద పెట్టి లెక్కగట్టడం అది అందరికన్నా ముందు నేర్చుకుంది.

భయం తగ్గితే చాలదు, అవసరం కూడా పుట్టాలి. 1982-83 సీజన్‌లో అమెరికాలో 735 స్కీ రిసార్టులు నడిచాయి. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఐదొందలలోపే మిగిలాయి. యుద్ధానంతరం పుట్టి స్కీయింగ్‌ను పెంచిన తరానికి వయసు మీదపడుతోంది. కొత్త కుర్రకారుకు పట్టిన పిచ్చేమో పలకల మీద. 1990 వచ్చేసరికి చాలా రిసార్టులు దారికొచ్చాయి. ఐదేళ్లలో అంతమంది యజమానుల మనసులు మారిపోయాయంటే నేను నమ్మను, మారింది జమాఖర్చు. పలక రూపం కూడా ఈ గేటు చూసే మారింది. మెత్తటి మంచులో తేలడానికి చెక్క చాలు. రిసార్టులు యంత్రాలతో తొక్కించి గట్టిపరిచిన వాలు మీద మలుపు తిరగాలంటే మాత్రం కోసుకుపోయే అంచు కావాలి. అందుకే 80ల నడుమ ఉక్కు అంచులు, మడమ వెనక నిటారుగా నిలిచే బైండింగులు మామూలైపోయాయి. మన ప్లాంటు నుంచి వచ్చేది కడ్డీలు, వైర్ రాడ్లు, కట్టడాల ఉక్కు కనక ఆ సన్నటి అంచుల ఘనతలో మనకు వాటా లేదనుకోండి.

విశాఖ పాఠకుడికి ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. హక్కు పోరాడితేనే వస్తుందని ఈ ఊరికి ఎవరూ చెప్పనక్కరలేదు. రైడర్లు మాత్రం పోరాడలేదా? రిసార్టు మూశాక నడిచి కొండెక్కారు, కనబడిన ప్రతి మేనేజర్నీ బతిమాలారు. ఆ పట్టుదల లేకుండా ఏదీ జరిగేది కాదని ఒప్పుకుంటాను. కానీ అదే పట్టుదలకు ఒక రిసార్టులో తలుపు తెరుచుకుని పక్కదానిలో తెరుచుకోలేదంటే, ఆ తేడాకు కారణం రైడర్లలో ఉండదు. టీవీ, సినిమాల వల్లే ఆట జనంలోకి వెళ్లిందన్నది ఇంకో మాట. 1985 జేమ్స్‌బాండ్ సినిమాలో రోజర్ మూర్‌కు డూప్‌గా టామ్ సిమ్స్ మంచు మీద జారిన మాట నిజమే. అది చూసి సరదా పుట్టినవాడికి ఆ ఏడు దేశంలో ఎక్కడానికి దొరికిన కొండలెన్ని? వింటర్ ఎక్స్ గేమ్స్ మొదలైంది 1997లో. అప్పటికి గేట్లు తెరుచుకుని చాలాకాలమైంది.

ఒలింపిక్స్ సంగతి ఇంకా విడ్డూరం. స్నోబోర్డర్లకు సొంత అంతర్జాతీయ సమాఖ్య ఉండగా, ఒలింపిక్ కమిటీ ఆటను తీసుకెళ్లి స్కీ సమాఖ్య చేతిలో పెట్టింది. అప్పటికి ప్రపంచంలో అందరికన్నా మిన్న అనిపించుకున్న నార్వే రైడర్ టెర్యె హాకన్‌సెన్ నిరసనగా 1998 నగానో క్రీడలకు వెళ్లలేదు. అక్కడ జయింట్ స్లాలమ్‌లో స్వర్ణం గెలిచిన కెనడా ఆటగాడు రాస్ రెబాగ్లియాటి నమూనాలో గంజాయి ఆనవాలు దొరికిందని పతకం వెనక్కి తీసుకున్నారు. నిషేధ జాబితాలో అది లేదని తేలాక తిరిగి ఇచ్చారు. 2002లో రైడర్ల సొంత సమాఖ్య మూతపడింది. అదే ఏడు సాల్ట్‌లేక్ సిటీలో సగం గొట్టంలాంటి మంచు కాలువలో విన్యాసాలు చేసే హాఫ్‌పైప్‌లో పురుషుల పతకాలు మూడూ అమెరికా కుర్రాళ్లు ఎత్తుకుపోతే దేశమంతా చప్పట్లు కొట్టింది. దీన్ని మింగేయడం అనాలి గానీ కలుపుకోవడం ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు, ఆ ప్రశ్నలో బలముంది. నేను మాత్రం స్కీయింగ్‌కు ఏమైందో చూడమంటాను. రెండు కొసలూ వంగిన స్కీలు వచ్చాయి. స్కీయర్లు హాఫ్‌పైపుల్లోకి దిగారు. 2014 సోచీలో హాఫ్‌పైప్, స్లోప్‌స్టయిల్ స్కీయర్లకు ఒలింపిక్ అంశాలయ్యాయి. 2018లో చెక్ క్రీడాకారిణి ఎస్టర్ లెడెత్స్‌కా ఒకే ఒలింపిక్స్‌లో స్కీ మీద ఒక స్వర్ణం, స్నోబోర్డు మీద ఇంకొకటి గెలిచింది. మింగినవాడి నడకే ఇంతగా మారిందంటే ఎవరు ఎవర్ని మింగారో చెప్పడం కష్టం.

ఈ లెక్క మన ఊరికీ పనికొస్తుంది. వుడా పార్కులో రింకు ఉంది కనక విశాఖ పిల్లలకు స్కేటింగ్ నేర్పే ఆటయింది. 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు తెచ్చిన హైదరాబాదీ అనూప్‌కుమార్ యామా వెనక కూడా ముందు ఎవరో పరిచిపెట్టిన నున్నటి నేల ఉండే ఉంటుంది. బీచ్‌రోడ్డు మీద తెల్లవారుజామున కాసేపు వాహనాలు ఆపేస్తే నడకవాళ్ల పక్కనే చక్రాలు కట్టుకున్న పిల్లలు కనిపిస్తారు. సముద్రం మాటకొస్తే, ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి దిగొద్దని హెచ్చరికలు, 2020లో బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చిన రుషికొండలో లైఫ్‌గార్డులు, ఈతకు గీసిన హద్దులు. సర్ఫింగ్ పలక రెండు చోట్లా ఒకటే. ప్రమాదానికి ఎక్కడ ఎవరు పూచీ పడుతున్నారన్నదే తేడా.

అమెరికాలో ఆస్పెన్ కొండ 2001లో, టావోస్ 2008లో తలుపులు తీశాక స్నోబోర్డును రానివ్వని రిసార్టులు మూడే మిగిలాయి. యూటాలో ఆల్టా, డీర్ వ్యాలీ. వెర్మాంట్‌లో మ్యాడ్ రివర్ గ్లెన్. ఆల్టా నడిచేది ప్రభుత్వ అటవీ భూమిలో. అందుకని నిషేధం వివక్షేనంటూ కొందరు రైడర్లు 2014లో కోర్టుకెక్కారు. భూమి ప్రభుత్వానిదైనా నిషేధం పెట్టింది ప్రైవేటు కంపెనీ కాబట్టి రాజ్యాంగ ప్రశ్న రాదని 2016లో అప్పీలు కోర్టు కూడా తేల్చింది. మ్యాడ్ రివర్ గ్లెన్‌ది మరో దారి. 1995 నుంచి అది అక్కడ స్కీయింగ్ చేసేవాళ్ల సహకార సంఘం సొత్తు. కొండా వాళ్లదే, లిఫ్టూ వాళ్లదే, కొత్త గిరాకీ కోసం వెంపర్లాట లేదు. నిషేధం ఎత్తేయాలంటే సభ్యుల్లో మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఇంతవరకు ఒప్పుకోలేదు.