హైదరాబాద్–విజయవాడ విమాన మార్గం: దూరం, ప్రయాణ సమయం

పల్నాడు ప్రజలు విమానం ఎక్కాలంటే విజయవాడ దగ్గరి గన్నవరమో, హైదరాబాద్ దగ్గరి శంషాబాదో వెళ్లాలి. ఈ రెండు విమానాశ్రయాల మధ్య ఆకాశమార్గాన దూరం సుమారు 264 కిలోమీటర్లు, అంటే 143 నాటికల్ మైళ్లు. భూగోళం మీద రెండు బిందువులను కలిపే అతి దగ్గరి రేఖను అక్షాంశ రేఖాంశాలతో లెక్కగట్టి ఈ దూరం చెబుతారు. గన్నవరం నుంచి ఆ రేఖ పులిచింతల జలాశయం దగ్గర పల్నాడు ఉత్తరపు అంచును తాకి, కృష్ణ దాటి హుజూర్‌నగర్ వైపు సాగుతుంది. అసలు విమానం ఈ గీత మీదే పోదు. రన్‌వే దిశను, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ (ఏటీసీ) సూచనలను బట్టి కొంత చుట్టు తిరుగుతుంది.

1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్‌కు హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట కేంద్రం. 1953 జాతీయీకరణలో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనిక స్థావరంగా ఉన్న గన్నవరం తర్వాత పౌర విమానాశ్రయమైంది. 1980లలో వాయుదూత్ సంస్థ చిన్న విమానాలు ఇక్కడికి నడిచాయి.

ఈ మార్గం దశ తిరిగింది 2003లో. ఆ ఏడాదే మొదలైన ఎయిర్ డెక్కన్, 48 సీట్ల ఏటీఆర్-42 విమానాలతో హైదరాబాద్–విజయవాడ సర్వీసు ప్రారంభించింది. తొలి రోజుల్లోనే బేగంపేటలో బయల్దేరబోతున్న విమానం ఇంజనులో మంటలు లేచినా ప్రయాణికులంతా క్షేమంగా బయటపడ్డారు. చౌక టికెట్‌తో మధ్యతరగతిని విమానం ఎక్కించిన ఘనత ఈ సంస్థదే. 2008 మార్చి 23న రాకపోకలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. గన్నవరానికి బేగంపేట 268 కిలోమీటర్లు కాబట్టి గగనమార్గంలో తగ్గింది నాలుగు కిలోమీటర్లే. 2017 జనవరిలో గన్నవరంలో కొత్త టెర్మినల్ తెరిచారు. 2018 డిసెంబరులో సింగపూర్ సర్వీసు మొదలైంది. 2,286 మీటర్ల రన్‌వేను 3,360 మీటర్లకు పొడిగించడం మెచ్చదగిన పని. పెద్ద విమానాలు దిగే వీలు దానితోనే కలిగింది.

గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోయే ఏటీఆర్-72 ఈ దూరంలో గాలిలో ఉండేది ముప్పావుగంటకు అటూఇటూ. టైంటేబుల్లో మాత్రం గంట, గంటకు పైగా చూపుతారు. పార్కింగ్ స్థలం నుంచి కదిలింది మొదలు, దిగి ఆగేదాకా పట్టే కాలమంతా అందులో ఉంటుంది. జెట్ వేగం ఎక్కువైనా ఇంత పొట్టి దూరంలో పైకెక్కడం, దిగడంతోనే సగం సమయం గడుస్తుంది కనుక పెద్దగా కలిసిరాదు. పడమటి గాలులు వీచే రోజుల్లో విజయవాడ వచ్చే విమానం కాస్త ముందుగా చేరుతుంది.

పల్నాడులో ఏ ఊరికి ఏ విమానాశ్రయం దగ్గరన్నది ఆసక్తికరం. నరసరావుపేటకు నేరుగా గన్నవరం సుమారు 86 కిలోమీటర్లు, శంషాబాద్ 205. గురజాలకు గన్నవరమే కొద్దిగా దగ్గర. మాచర్లకు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది: శంషాబాద్ 136, గన్నవరం 146. నాగార్జునసాగర్ మీదుగా రోడ్డు ఉండటంతో మాచర్ల వారికి హైదరాబాద్ ప్రయాణమే అలవాటు.

మాచర్ల మండలంలోని నాగార్జునసాగర్ (విజయపురి సౌత్) వద్ద విమానాశ్రయాన్ని 2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త ప్రతిపాదనల్లో చేర్చింది. కుప్పం, ఒంగోలు, దగదర్తి, తాడేపల్లిగూడెం, శ్రీకాకుళం, తుని–అన్నవరం కూడా ఆ జాబితాలోవే. విజయపురి సౌత్ నుంచి శంషాబాద్ ఆకాశమార్గాన 120 కిలోమీటర్ల పైచిలుకు. ఇంత దగ్గరి ఊరికి విమానం ఆదా చేసే సమయం స్వల్పం. అందువల్ల ఇక్కడి రన్‌వే ప్రయోజనం దూరపు నగరాల సర్వీసులకు, నాగార్జునకొండ చూడవచ్చే యాత్రికులకే ఎక్కువ.